బూడిదలో గిట్టల గుర్తులు

బైపీసీ పాసై, డిగ్రీలో ఆర్కియాలజీ చదువుతానంటున్న మా బంధువులమ్మాయిని మొన్న ఒక పెళ్లిలో ఓ పెద్దమనిషి, "తవ్వకాల్లో బంగారం దొరికితే మాకూ చెప్పు తల్లీ" అన్నాడు. పంక్తిలో అందరూ నవ్వారు. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. నాకు ఒళ్లు మండింది.

తవ్వకమంటే నిధుల వేట కాదని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో పాత పాఠకులకు తెలుసు. బంగారు నాణెం కన్నా కుండపెంకు ఎక్కువ చెబుతుందన్నది నా పాత వాదనే. ఈసారి పెంకు కూడా వద్దు, బూడిద చాలు.

పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక ఉట్నూరు ఉంది. ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, మక్తల్ వైపుది. అక్కడా, బళ్లారి, రాయచూరు ప్రాంతాల్లోనూ పెద్ద పెద్ద బూడిద దిబ్బలున్నాయి. అగ్నిపర్వతాల బూడిద అన్నారు కొందరు, చితాభస్మమన్నారు ఇంకొందరు. రాబర్ట్ బ్రూస్ ఫుట్ మాత్రం పశువుల పేడ కాలిన బూడిదన్నాడు. 1957లో ఎఫ్.ఆర్. ఆల్చిన్ ఉట్నూరులో తవ్వితే బూడిద పొరల్లో పశువుల గిట్టల గుర్తులు అచ్చుపడి కనిపించాయి. దడికి పాతిన గుంజల గుంతలూ బయటపడ్డాయి. అది నవీన శిలాయుగపు పశువుల దొడ్డి, నాలుగు వేల ఏళ్ల పైమాట! పేరుకున్న పేడను తగలబెట్టేవారు, మళ్లీ దడి కట్టుకునేవారు. అవి ఏటేటా వచ్చే పండగల మంటలై ఉంటాయని ఆల్చిన్ ఊహ. రాజు లేడు, శాసనం లేదు, పిసరంత బంగారం లేదు. ఆవులు తొక్కిన నేల ఉంది. ఇంతకు మించిన చరిత్ర ఏముంటుంది?

ప్రతి డిగ్రీ కాలేజీలోనూ ఆర్కియాలజీ పెట్టాలని ఏళ్లుగా అడుగుతున్నాను. కానీ ఈ బూడిద గుట్టు విప్పినవాళ్లంతా ఆర్కియాలజీ చదివినవాళ్లు కారు. ఫుట్ జియాలజిస్టు. ఆ బూడిద పేడదేనని పరీక్షించి తేల్చిన జ్యూనర్ శిలాజాల చదువు నుంచి వచ్చినవాడు. అందుకే ఆ అమ్మాయికి వేరే మాట చెప్పాను: డిగ్రీలో జియాలజీ, బోటనీ తీసుకో. పుణే డెక్కన్ కాలేజీలో ఎం.ఏ. ఆర్కియాలజీకి ఏ డిగ్రీతోనైనా వెళ్లొచ్చు. మట్టి పొర ఎలా పడిందో, మాడిన గింజ ఏ పంటదో చెప్పగలిగినవాళ్లే రేపటి తవ్వకాలకు కావాలి.

తల్లిదండ్రులకు ఒక మనవి. సెలవుల్లో తవ్వకానికి పిలుపొస్తే పిల్లల్ని ఆపకండి. ఎండలో నిలబడి ట్రెంచి గోడ గీకి పొరలు గుర్తుపట్టడం ఏ క్లాసురూములోనూ రాదు.