కదిలే భాగం ఒక్కటీ లేని ఫ్రిజ్

హోటల్ గదుల్లో ఉండే బుల్లి ఫ్రిజ్‌లలో ఒక రకం అసలు చప్పుడే చెయ్యదు. దానిలో కంప్రెసర్ లేదు, తిరిగే మోటారు లేదు. ఉన్నవల్లా గట్టిగా అతికి మూసేసిన ఉక్కు గొట్టాలు, వాటి లోపల నీళ్లు, అమ్మోనియా, హైడ్రోజన్. 1922లో స్టాక్‌హోంలో ఇంజనీరింగ్ చదువుతున్న బాల్ట్సర్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ ముంటర్స్ అనే ఇద్దరు విద్యార్థుల సృష్టి ఇది.

దీనికంతటికీ ఆధారం అమ్మోనియాకు నీటి మీదున్న మక్కువ. మామూలు వేడిమిలో లీటరు నీళ్లు కొన్ని వందల లీటర్ల అమ్మోనియా వాయువును కరిగించుకుంటాయి. కాస్తే మళ్లీ వదిలేస్తాయి. హైడ్రోజన్ మాత్రం నీళ్లలో దాదాపు కరగదు.

అడుగున బాయిలర్ ఉంటుంది. దాన్ని కాచడానికి కరెంటు హీటరైనా, గ్యాస్ మంటైనా, కిరోసిన్ దీపమైనా చాలు. కాగిన ద్రావణంలోంచి లేచే అమ్మోనియా బుడగలు సన్నటి గొట్టంలో పైకి పోతూ, తమ మధ్య చిక్కిన నీళ్లను కూడా ఎత్తుకుపోతాయి. ఇక్కడ పంపు పని చేసేవి ఈ బుడగలే. పైన నీళ్లు ఒక దారి, ఆవిరి ఒక దారి పడతాయి. అమ్మోనియా వెంట వచ్చిన కాస్త నీటి ఆవిరి దారిలోనే చల్లబడి వెనక్కి జారుతుంది. జారకపోతే ముందుకెళ్లి మంచుగా గడ్డకట్టేది. మిగిలిన అమ్మోనియా వెనకవైపు కండెన్సర్‌లో తన వేడిని గది గాలికిచ్చి ద్రవమవుతుంది.

అసలు నేర్పు ఆ తర్వాత ఉంది. ద్రవం ఆవిరైతేనే చల్లదనం. ఆవిరవాలంటే పీడనం తగ్గాలి. మామూలు ఫ్రిజ్‌లో ఆ తేడాను నిలబెట్టేది కంప్రెసర్. ఇక్కడ గొట్టాలన్నిటా మొత్తం పీడనం ఒక్కటే. అయితే ఫ్రీజర్ గొట్టంలో ఆ పీడనంలో ఎక్కువ వాటా హైడ్రోజన్‌ది. అమ్మోనియా వాటా కొంచెమే కాబట్టి అది చురుగ్గా ఆవిరవుతుంది, పెట్టెలోని వేడిని లాక్కుంటుంది.

అమ్మోనియా కలిసిన హైడ్రోజన్ బరువెక్కి తనంతట తానే కిందికి దిగుతుంది. అక్కడ, బాయిలర్ నుంచి తిరిగొచ్చి చల్లారిన నీళ్లు ఎదురుగా జారుతూ అమ్మోనియాను పట్టేసుకుంటాయి. తేలికపడ్డ హైడ్రోజన్ పైకి, చిక్కబడ్డ ద్రావణం బాయిలర్‌కి. ద్రావణం ఉక్కును తినేయకుండా అందులో కొద్దిగా సోడియం క్రోమేట్ కలుపుతారు.

లోపలి ప్రవాహమంతా బరువు, తేలిక మీదే నడుస్తుంది. కాబట్టి ఇలాంటి ఫ్రిజ్ మీ దగ్గరుంటే వాలు లేకుండా నిలపండి, వెనక గాలి ఆడేలా చోటు వదలండి. ఘాటు వాసన వస్తే ఆపేసి, కిటికీలు తెరిచి, గదిలోంచి బయటికి వచ్చేయండి.