చిత్రతురగం – అంతరిక్ష అనుకరణలు: విజ్ఞానశాస్త్ర బోధనలో విస్మయం, జిజ్ఞాస

వ్యాససంగ్రహం

ప్లానెటేరియం, వర్చువల్ రియాలిటీ, కంప్యూటర్ ఆట మొదలైన రూపాల్లో లభిస్తున్న అంతరిక్ష అనుకరణలు విద్యార్థులలో విజ్ఞానశాస్త్రం పట్ల ఆసక్తిని రేకెత్తిస్తాయన్నది విస్తృతంగా ఆమోదం పొందిన అభిప్రాయం. ఆ ఆసక్తి స్వభావమేమిటి, అది జ్ఞానంగా పరిణమించడానికి ఏమి కావాలి అనే ప్రశ్నలను ఈ వ్యాసం భారతీయ అలంకారశాస్త్రంలోని చిత్రతురగన్యాయం వెలుగులో పరిశీలిస్తుంది. అనుకరణ తాను అనుకరణనని తెలియజేసినంత మేరకే బోధనకు ఉపకరిస్తుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అంతరిక్ష అనుకరణ, చిత్రతురగన్యాయం, విస్మయం, జిజ్ఞాస, ప్లానెటేరియం, వర్చువల్ రియాలిటీ, శాస్త్రీయ దృక్పథం

1. ఉపోద్ఘాతం

2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 ల్యాండర్ చంద్రునిపై దిగుతున్న వేళ దేశంలోని అనేక పాఠశాలల్లో విద్యార్థులు ప్రత్యక్ష ప్రసారం చూశారు. తెరమీద మెల్లగా కిందికి దిగుతూ కనిపించిన ల్యాండర్ కెమెరా తీసిన దృశ్యం కాదు. కంప్యూటర్ గీసిన అనుకరణ. దానితోపాటు ఎత్తును, వేగాన్ని తెలిపే అంకెలు మారుతూ వచ్చాయి. ల్యాండర్ కెమెరా చిత్రాలను ఇస్రో ఆ తరువాత విడుదల చేసింది. అంటే ఆ క్షణాన దేశం చప్పట్లు కొట్టింది ఒక బొమ్మను చూసి. అయినా అది మోసం కాదు. ఆ బొమ్మ వెనుక చంద్రుని నుంచి అందుతున్న సంకేతాలున్నాయి.

నాలుగేళ్ల ముందు, 2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున, చంద్రయాన్-2 ల్యాండర్ దిగే వేళ తెరపై కనిపించిన వాటిలో ఒక సాదా గ్రాఫ్ ఉంది. ఒక గీత ముందుగా నిర్ణయించిన పథాన్నీ, ఒక బిందువు ల్యాండర్ వాస్తవ గమనాన్నీ సూచించాయి. ఆ బిందువు గీత నుంచి పక్కకు తొలగింది. ఆ పైన సంకేతాలు ఆగిపోయాయి. కంటికి ఇంపైనదేమీ లేని ఆ గ్రాఫ్, అనుకున్నదానికీ జరిగినదానికీ ఉన్న ఎడాన్ని ఉన్నదున్నట్లు చూపింది. ఈ రెండు తెరలలో విద్యార్థిని విజ్ఞానశాస్త్రం వైపు నడిపించేది ఏది? అంతరిక్ష అనుకరణలను విద్యాసాధనాలుగా స్వీకరించే ముందు అడగవలసిన ప్రశ్న ఇదే.

2. అనుకరణ స్వరూపం: శంకుకుని దృష్టి

అనుకరణను గురించి మన అలంకారికులు లోతుగా ఆలోచించారు. భరతుని రససూత్రాన్ని వ్యాఖ్యానించిన శ్రీశంకుకుని అభిప్రాయాలు అభినవగుప్తుని అభినవభారతి ద్వారా మనకు తెలుస్తున్నాయి. రంగస్థలం మీది నటుని చూసి ప్రేక్షకుడు ‘ఇతడు రాముడు’ అనుకునే జ్ఞానం ఎటువంటిదని శంకుకుడు ప్రశ్నించుకున్నాడు. అది యథార్థజ్ఞానం కాదు, మిథ్యాజ్ఞానం కాదు, సంశయం కాదు, సాదృశ్యజ్ఞానమూ కాదు. చిత్రంలోని గుర్రాన్ని చూసి ‘ఇది గుర్రం’ అనుకోవడం వంటి విలక్షణ ప్రతీతి అది. దీనినే చిత్రతురగన్యాయం అంటారు.

శంకుకుని అనుకృతివాదాన్ని అభినవగుప్తుడు ఖండించాడు. రసచర్చలో ఆ ఖండనకున్న బలం కాదనలేనిది. అయితే విద్యారంగంలోని అనుకరణను అర్థం చేసుకోవడానికి ఈ న్యాయం నేటికీ ఉపకరిస్తుంది. చిత్రంలోని గుర్రాన్ని చూసేవాడికి దానిపై స్వారీ చేయలేమని తెలుసు. తెలిసే చూస్తాడు. కళ్లను పూర్తిగా కప్పి, తల తిప్పిన వైపల్లా అంతరిక్షాన్ని చూపే హెడ్‌సెట్ ఆ ఎరుకను చెరిపివేయడమే తన ఘనతగా భావిస్తుంది. ‘నిజంగా అక్కడే ఉన్నట్లుంది’ అనిపించడం దాని లక్ష్యం. కావ్యానికి ఆ లీనత చాలు. అక్కడ విస్మయం అద్భుతరసంగా పరిణమించి సార్థకమవుతుంది. విజ్ఞానశాస్త్ర తరగతిలో విస్మయం గమ్యం కాదు, బయలుదేరే చోటు. అది ‘ఇది మనకెలా తెలిసింది?’ అన్న జిజ్ఞాసగా మారాలి.

3. గుమ్మటం కింది ఆకాశం

ఆధునిక ప్లానెటేరియం చరిత్ర ఈ భేదాన్ని స్పష్టం చేస్తుంది. జర్మనీలోని జైస్ సంస్థలో వాల్తర్ బాయర్స్‌ఫెల్డ్ రూపకల్పన చేసిన ప్రొజెక్టరును 1923 అక్టోబరులో మ్యూనిక్‌లోని డాయిషెస్ మ్యూజియంలో తొలిసారి ప్రదర్శించారు. అది దాదాపు 4,500 నక్షత్రాలను గుమ్మటం లోపలి భాగంపై చూపింది. ఆ యంత్రం చూపినది భూమిపై నిలుచున్న మనిషికి కనిపించే ఆకాశం మాత్రమే. ప్రేక్షకుని ఎక్కడికీ తీసుకుపోలేదు. ఒక రాత్రిని కొన్ని నిమిషాలకు కుదించి, నక్షత్రాల ఉదయాస్తమయాలను, గ్రహాల వక్రగతిని గమనించే వీలు కల్పించింది. చూసినదాన్ని ఆరుబయట నిజమైన ఆకాశంతో పోల్చుకోవచ్చు. హైదరాబాదులో నౌబత్ పహాడ్ మీద 1985లో ప్రారంభమైన బిర్లా ప్లానెటేరియం ఈ సంప్రదాయాన్నే తెలుగు విద్యార్థులకు పరిచయం చేసింది.

డిజిటల్ సాంకేతికత రాకతో ప్రేక్షకుడు భూమిని విడిచాడు. శని వలయాల మీదుగా ఎగిరి, సౌరకుటుంబాన్ని దాటి, పాలపుంత మొత్తాన్ని బయటి నుంచి చూడగలుగుతున్నాడు. దీనివల్ల భూకేంద్రక దృష్టి సడలి, విశ్వంలో మన స్థానం అనుభవానికి వస్తుంది. ఇది గొప్ప లాభమే. కానీ ఇంటికి వెళ్లి సరిపోల్చుకోగల దృశ్యం స్థానంలో, ఏ మనిషీ చూడని దృశ్యం వచ్చి చేరింది.

4. అన్నీ ఒకే నిశ్చయతతో

నా పరిశీలనలో లీనతాప్రధానమైన అనుకరణలలోని మౌలిక లోపం ఇక్కడుంది. చంద్రుని ఉపరితలాన్ని వ్యోమనౌకలు కొలిచాయి. పాలపుంత ఆకృతిని దాని లోపలే ఉండి నక్షత్రాల దూరాలను, వాయుమేఘాల గమనాలను కొలిచి ఊహించాం. బయటి నుంచి తీసిన ఛాయాచిత్రం ఒక్కటీ లేదు. సుమారు 40 కాంతి సంవత్సరాల దూరంలోని ట్రాపిస్ట్-1 నక్షత్రం చుట్టూ ఏడు గ్రహాలున్నట్లు 2017లో ప్రకటించారు. నక్షత్రం ముందుగా గ్రహం సాగినప్పుడు వెలుగు కొద్దిగా తగ్గడం ద్వారా వాటిని గుర్తించారు. వాటి నేలలను, సముద్రాలను చూపే చిత్రాలు చిత్రకారుల కల్పనలు. కొలత, అనుమానం, కల్పన అనే ఈ మూడింటినీ అనుకరణ ఒకే కాంతితో, ఒకే స్పష్టతతో, ఒకే నిశ్చయతతో చూపుతుంది. ప్రత్యక్షానికీ అనుమానానికీ మధ్య గీత గీయడం మన ప్రమాణశాస్త్రంలో మొదటి పాఠం. ఇక్కడ ఆ గీత మాయమవుతుంది.

రంగుల విషయమూ ఇంతే. 1995లో హబుల్ దూరదర్శిని తీసిన ‘సృష్టి స్తంభాలు’ చిత్రంలో గంధకం వెలువరించే కాంతికి ఎరుపును, ఉదజనికి ఆకుపచ్చను, ఆమ్లజనికి నీలాన్ని కేటాయించారు. అవి ఏ మూలకం ఎక్కడుందో తెలిపే సంకేతవర్ణాలు. ఆ వివరణ లేనప్పుడు విద్యార్థికి మిగిలేది అందమైన అపోహ.

5. కుదించిన దూరం, కనిపించని గురుత్వం

అనుకరణలు తప్పనిసరిగా దాచేది శూన్యాన్ని. భూమిని 1 సెంటీమీటరు గోళంగా భావిస్తే సూర్యుడు సుమారు 109 సెంటీమీటర్ల వ్యాసంతో 117 మీటర్ల దూరంలో ఉంటాడు. చంద్రుడు 30 సెంటీమీటర్ల ఎడంలో ఆవగింజంత. నెప్ట్యూన్ మూడున్నర కిలోమీటర్ల అవతల. అత్యంత సమీప నక్షత్రం దాదాపు 31 వేల కిలోమీటర్ల దూరంలో! ఈ నిష్పత్తిలో ఏ తెరపైనా గ్రహాలు కనిపించవు. అందుచేత అనుకరణలు దూరాలను కుదిస్తాయి, గోళాలను పెంచుతాయి, ప్రయాణ కాలాన్ని క్షణాలకు తగ్గిస్తాయి. వాయేజర్-2 నెప్ట్యూన్‌ను చేరడానికి 1977 నుంచి 1989 వరకు పన్నెండేళ్లు పట్టింది. ఆ నిరీక్షణలో ఒక తరం శాస్త్రవేత్తల జీవితముంది. హెడ్‌సెట్‌లో అది రెప్పపాటు.

చిత్రం పెంచే అపోహ ఎంత కాలం నిలుస్తుందో 1987 నాటి ‘ఎ ప్రైవేట్ యూనివర్స్’ అనే డాక్యుమెంటరీ చూపింది. ఋతువులకో చంద్రకళలకో కారణం చెప్పమని హార్వర్డ్‌లో 23 మందిని అడిగితే 21 మంది పొరబడ్డారు. భూమి సూర్యునికి దగ్గరైనప్పుడు వేసవి వస్తుందన్నది వారిలో బలంగా కనిపించిన భావన. దాదాపు వృత్తాకారంగా ఉన్న భూకక్ష్యను పక్క నుంచి చూసినట్లు కోలగా గీసే పాఠ్యపుస్తక చిత్రాలు ఇటువంటి భావనకు ఊతమిస్తాయి. కాగితం మీది బొమ్మకే ఇంత బలముంటే, చుట్టూ ఆవరించే బొమ్మ బలం ఎంతో ఊహించవచ్చు.

పదాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. అంతరిక్ష కేంద్రంలో తేలియాడే అనుభవాన్ని చూపుతూ అక్కడ గురుత్వం లేదని వ్యాఖ్యానించడం పరిపాటి. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో భూగురుత్వం నేలపై ఉన్నదానిలో దాదాపు 90 శాతం ఉంటుంది. కేంద్రం, అందులోని మనుషులు కలిసి నిరంతరం భూమి వైపు పడిపోతూ ఉండటంవల్ల తేలుతున్నట్లు ఉంటుంది. ‘శూన్య గురుత్వం’ అనే అనువాదపదం కన్నా ‘భారరహిత స్థితి’ అనే తెలుగు వాడుక ఇక్కడ శాస్త్రానికి దగ్గరగా ఉంది. తెలుగులో అనుకరణలకు వ్యాఖ్యానం రాసేవారు గమనించదగిన అంశమిది.

6. చూడటం, చేయడం

1986 జనవరి 28న ఛాలెంజర్ ప్రమాదంలో మరణించిన ఏడుగురిలో క్రిస్టా మకాలిఫ్ ఉపాధ్యాయురాలు. అంతరిక్షం నుంచి పాఠం చెప్పవలసిన మనిషి. వ్యోమగాముల కుటుంబాలు వారి స్మృతికి శిలావిగ్రహాలతో సరిపెట్టక, ఛాలెంజర్ సెంటర్ అనే విద్యాసంస్థను నెలకొల్పాయి. దాని తొలి అభ్యసన కేంద్రం 1988లో హ్యూస్టన్‌లో ప్రారంభమైంది. అక్కడ విద్యార్థులు రెండు జట్లుగా విడిపోయి, ఒక జట్టు నియంత్రణ కేంద్రంలోనూ మరొకటి వ్యోమనౌకలోనూ పనిచేస్తాయి. నడుమ స్థానాలు మార్చుకుంటాయి. ఇక్కడ ప్రధానం కంటికి విందు కాదు. ఎదుటి జట్టుకు అందించే సమాచారంలో తప్పు దొర్లితే పని ఆగుతుందన్న బాధ్యత. అత్యవసర పరిస్థితి ముందే అల్లిన కథలో భాగం కావడం దీని పరిమితి.

కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ అనే కంప్యూటర్ ఆట 2011లో తొలిసారి విడుదలైంది. ఆటగాడు రాకెట్టును తానే కూర్చి ప్రయోగిస్తాడు. అది పేలుతుంది. ఇంధనం చాలదు. కక్ష్య చేరదు. ఎందుకు చేరలేదో ఆలోచించి మళ్లీ కట్టాలి. వైఫల్యాన్ని ఇంత సహజంగా బోధనలో భాగం చేసిన అనుకరణ అరుదు. అయితే ఇదీ చిత్రతురగమే. ఇందులోని కెర్బిన్ గ్రహం వ్యాసార్ధం 600 కిలోమీటర్లు, భూమిలో పదోవంతుకన్నా తక్కువ. అయినా ఉపరితల గురుత్వం భూమితో సమానం. వ్యోమనౌకపై ఒక సమయంలో ఒకే గోళం ఆకర్షణ పనిచేస్తుంది. అందువల్ల సూర్యుడు, భూమి రెండింటి ఆకర్షణ ఫలితంగా ఏర్పడే లగ్రాంజ్ బిందువులకు ఆ ఆట మూలరూపంలో చోటు లేదు. 2023 సెప్టెంబరులో శ్రీహరికోట నుంచి బయలుదేరి 2024 జనవరిలో ఎల్-1 చుట్టూ కక్ష్యలో చేరిన ఆదిత్య వ్యోమనౌక ఆ విశ్వంలో తన చోటుకు చేరలేదు. ఈ లోపాన్ని దాచనక్కరలేదు. ‘ఆదిత్య ఈ ఆటలో ఎందుకు సాధ్యం కాదు?’ అన్న ప్రశ్న డిగ్రీ తరగతిలో ఒక పూర్తి పాఠం కాగలదు.

7. ఆసక్తి, అభ్యసనం: పరిశోధనల సాక్ష్యం

అనుకరణ కలిగించే ఉత్సాహం, అది నేర్పే జ్ఞానం ఒకటి కావని ప్రయోగాలు సూచిస్తున్నాయి. పరాంగ్, మేయర్ 2018లో ప్రచురించిన అధ్యయనంలో మానవ రక్తప్రవాహంలో ప్రయాణించే వర్చువల్ రియాలిటీ పాఠాన్ని, అదే విషయంపై స్లైడ్లతో చెప్పిన పాఠంతో పోల్చారు. ఆసక్తి, ప్రేరణ మొదటి వర్గంలో ఎక్కువ. పరీక్షలో ప్రతిభ రెండవ వర్గంలో ఎక్కువ. అయితే వర్చువల్ పాఠాన్ని భాగాలుగా విడగొట్టి, ప్రతి భాగం తరువాత సారాంశం రాయించినప్పుడు అభ్యసనం మెరుగుపడింది. మక్రాన్‌స్కీ బృందం 2019లో జీవశాస్త్ర ప్రయోగశాల అనుకరణపై చేసిన అధ్యయనంలోనూ హెడ్‌సెట్ లీనతను పెంచి అభ్యసనాన్ని తగ్గించినట్లు తేలింది. ఇవి జీవశాస్త్ర పాఠాలు, స్వల్పకాలిక ప్రయోగాలు; ఖగోళ పాఠాలకు యథాతథంగా అన్వయించలేం. కానీ చూడటం ఆపి రాయడం మొదలుపెట్టిన చోట అభ్యసనం పెరిగిందన్న ఫలితాన్ని ఏ అధ్యాపకుడూ విస్మరించలేడు.

8. తరగతి గదికి కొన్ని ప్రతిపాదనలు

మొదటిది, ప్రదర్శనకు ముందు విద్యార్థులు తాము ఏమి చూడబోతున్నారో ఊహించి రాయాలి. రెండవది, ప్రదర్శనను మధ్యమధ్య ఆపి, కనిపించినదానిలో కొలిచినదేది, అనుమానించినదేది, కల్పించినదేది అని వర్గీకరింపజేయాలి. మూడవది, ప్రతి అనుకరణకు జంటగా అనుకరణ చూపలేనిదాన్ని చేయించాలి. పాఠశాల మైదానంలో ఒక మూల సెంటీమీటరు బంకమట్టి ఉండ పెట్టి, 117 మీటర్లు నడిచి సూర్యుని చేరుకోవడానికి ఖర్చు లేదు. హెడ్‌సెట్లు కొనలేని పాఠశాలలకు ఇది ప్రత్యామ్నాయం మాత్రమే కాదు. హెడ్‌సెట్లున్న పాఠశాలలకూ ఇది అవసరం. ప్రయోగశాలలో కటకం, లోలకం లేని చోట ముందుగా హెడ్‌సెట్ కొనడం ప్రతిష్ఠ కోసం చేసే ఖర్చే అవుతుంది.

9. ఉపసంహారం

శాస్త్రీయ దృక్పథాన్ని, జిజ్ఞాసను పెంపొందించుకోవడం పౌరుని ప్రాథమిక విధి అని 1976 నాటి 42వ సవరణ ద్వారా మన రాజ్యాంగంలో 51-ఎ అధికరణం చెబుతోంది. ఆశ్చర్యపోవడం విధి అని అది చెప్పలేదు. తెరపై కనిపించినదల్లా నమ్మించే సాంకేతికత అన్ని రంగాలకూ విస్తరించిన కాలంలో, ‘ఇది ఎవరు గీసిన బొమ్మ? దేని ఆధారంగా గీశారు?’ అని అడగగలగడం ఖగోళశాస్త్రానికే పరిమితమైన నైపుణ్యం కాదు. ఆ ప్రశ్నను అలవాటు చేయడానికి అంతరిక్ష అనుకరణ చక్కని సాధనం, దాన్ని చిత్రతురగంగానే చూపినప్పుడు. అద్భుతమైన ప్రదర్శన తరువాత దీపాలు వెలిగించి, బొమ్మకూ నిజానికీ మధ్యనున్న ఎడాన్ని వేలుపెట్టి చూపే అధ్యాపకుని స్థానాన్ని ఏ హెడ్‌సెట్టూ భర్తీ చేయలేదు.