శ్రామిక గేయము - లయాధికారము

శ్రామిక గేయములు శ్రమను మరపించుటకై పుట్టినవని విమర్శకులు తరచుగా చెప్పుచుందురు. ఈ మాట అసత్యము కాదు; అసంపూర్ణము. అలసటను మరచుటయే ప్రయోజనమైనచో ధాన్యపు మరలోని కూలివాడును పాడవలసినదే. అచట అలసట గలదు, పనిపాట వేరూనలేదు. యంత్రఘోష ఒక కారణము కావచ్చును. కాని అచట పనివేగమును నిర్ణయించునది చేయి కాదు, యంత్రము.

జర్మను ఆర్థికశాస్త్రవేత్త కార్ల్ బ్యూషర్ 1896లో ప్రకటించిన గ్రంథమున శ్రమకును లయకును గల సంబంధమును విపులముగా చర్చించెను. మన గేయములను గూర్చి మేము వేయదలచిన ప్రశ్న యిది: ఆ లయపై అధికారమెవరిది?

తిరుగలి విసరు స్త్రీ తన చేతికి తగినట్లు పాటను సాగదీయును, త్వరపెట్టును. ఎప్పుడు లేవవలెను, ఎంత ధాన్యము విసరవలెను అనునవి మాత్రము ఆమె యిష్టములు కావు. అత్తింటి ఆరళ్లు ఆ పాటలలో చోటుచేసికొనుటకు కారణమిదియే. ఏతము తొక్కువాడు పాటలోనే బానలను లెక్కించును. ఆ లెక్క ఆసామి చెప్పినది కాదు. పనివారు తామే ఉంచుకొన్నది. నాట్ల పాటను ఒక స్త్రీ ఎత్తుకొనగా తక్కినవారు అందుకొందురు. దినకూలి పనిలో త్వర ఆసామికి లాభము. గుత్త పనిలో కూలివారికి లాభము. కావున పాట నెత్తుకొను ఆ కంఠమున పనివేగమును గూర్చిన నిర్ణయము ఇమిడియున్నది.

దీనినిబట్టి శ్రామికుని స్వాతంత్ర్యము రెండు విధములని తేలుచున్నది: చేతిపై స్వాతంత్ర్యము, దినముపై స్వాతంత్ర్యము. పాట మొదటిదానిని చాటును. రెండవది లేని లోటును తెలుపును. మొదటిది గలవారు రెండవదాని లోటు నెరుగరని తలచుట పొరపాటు. నవ్వుచు పాడిన పాటను తృప్తికి సాక్ష్యముగా గైకొన్నచో అది ఆసామితో గట్టుపై నిలిచి చేసిన విమర్శ యగును.

ఆచార్య బిరుదురాజు రామరాజుగారి ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ 1958లో వెలువడినది మొదలు ఈ రంగమున కృషి విస్తరించినది. ఐనను సేకర్తలు పలువురు పాఠమునకే ప్రాధాన్యమిచ్చిరి. మేమును పాఠమును వ్రాసికొంటిమే కాని, ఆ దినపు కూలి యెంత, పని గుత్తయా, వేగము మార్చినదెవరు అని అడుగమైతిమి. ఏతములు మోటారు పంపులకు చోటిచ్చినవి. నాట్ల పాట ఇంకను కొన్నిచోట్ల వినవచ్చుచున్నది. పరిశోధక విద్యార్థులు పాటతోపాటు ఈ వివరములను గూడ వ్రాసికొందురుగాక!