కుట్టు కనబడతలేదు

మొన్న వనపర్తిలో పెద్దమ్మ సంవత్సరీకానికి పోయొచ్చాను. హాల్లో నిలువెత్తు ఫ్లెక్సీ. స్టూడియోవాళ్లు ముడతలన్నీ తుడిచేశారు, వాటితోపాటు నుదుటి మీది పచ్చబొట్టు కూడా పోయింది. ఒళ్లు మండింది. ఫోన్లలో ముఖాలను నున్నగా చేసే బ్యూటీ మోడ్ మీద నాకు ముందునుంచీ కసి. ఫోటోకు మెగాపిక్సెళ్లు కాదు, చూసినవాళ్ల గుండె ఏమంటుందో చూడండన్నది నా పాత పాట.

తీరా చూస్తే అక్కలిద్దరూ ఆ నున్నటి బొమ్మ ముందే కూలబడి ఏడుస్తున్నారు. పచ్చబొట్టు సంగతి ఎత్తితే, "మా అమ్మ ఇట్లనే ఉండెరా" అంది పెద్దక్క. నా లెక్కన నూటికి నూరు మార్కులు ఆ ఫ్లెక్సీకే పడాలి!

ఫోటోలు చూసినప్పుడు కలిగే స్పందనను కొలిచే పద్ధతి ఉంది. అమెరికాలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ లాంగ్ బృందం ఒక్కో ఫోటో చూపించి, నవ్వుముఖం నుంచి ఏడుపుముఖం దాకా వరుసగా గీసిన మనిషి బొమ్మల్లో నీ మనసు ఏ బొమ్మలా ఉందో గుర్తు పెట్టమంది. దానికి 1 నుంచి 9 దాకా అంకెలు. పాముకో అంకె, పసిపాపకో అంకె. కానీ ఆ మార్కులు ఎక్కువగా పాముకూ పాపకూ పడ్డవే, ఫోటో పనితనానికి కాదు. అక్కల కన్నీళ్లూ అంతే, అవి పెద్దమ్మవి.

1940లో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ నల్లమలలో చెంచుల మధ్య ఉండి తీసిన ఫోటోలు చూసి మనం 'అయ్యో' అంటాం, లేదా 'అబ్బ' అంటాం. వాటినే అక్కడి మన్ననూరు వైపు చెంచు పెద్దాయన చేతికిస్తే, పని తెలిసిన ఆయన మాత్రం విల్లు ఎట్లా కట్టారో చూస్తాడని నా అనుమానం.

అనుమానం ఊరికే రాలేదు. గద్వాలలో ఒక నేతగాడి చీరను ఫోన్లో తీసి, మురిసిపోతూ చూపించాను. ఆయన పెదవి విరిచాడు.

"రంగు మంచిగొచ్చింది సార్. కుట్టు కనబడతలేదు."

గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ కలిసే ఆ కుట్టులోనే ఆయన కష్టమంతా ఉంది. చీరను గడప దగ్గరికి జరిపి, ఏటవాలు ఎండలో మళ్లీ తీశాను. రెండు వేళ్లతో పెద్దది చేసి, అంచు పొడవునా పోగు పోగూ జరుపుకుంటూ పోయాడు. అప్పుడు విప్పారింది ఆయన ముఖం. ఆ సంతోషం మాత్రం అచ్చంగా ఫోటోకు పడిన మార్కే. పోగులు అలుక్కుపోయి ఉంటే పడేది కాదు.

ఇకమీదట ఎవరైనా ఫోటోల పోటీకి జడ్జిగా పిలిస్తే, మనసు సంగతి తర్వాత, ముందు భూతద్దం ఇమ్మంటాను. పిక్సెళ్లను ఇన్నేళ్లు తిట్టిన ఈ నోటితోనే.