మస్టరుకెక్కిన ఊయల

ఉద్యోగం చేసే తల్లి మన కథల్లో ఎక్కువసార్లు బస్టాపులోనే కనిపిస్తుంది. చేతిలో టిఫిన్ బాక్సు, వెనక ఏడుస్తున్న పిల్ల, ముందు అటెండెన్స్ రిజిస్టరు. ఎనభైల నుంచీ స్త్రీవాద సాహిత్యం ఈమె అలసటను ఓపిగ్గా చెప్పింది. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం'తో ప్రసవం కవితా వస్తువైంది. పి. సత్యవతి 'ఇల్లలకగానే'లో ఇల్లాలు తన పేరే మరిచిపోతుంది. వీటి విలువను తగ్గించే ఉద్దేశం నాకు లేదు. కానీ పిల్ల పుట్టాక ఆ తల్లి సంపాదన ఎంత పడిపోయిందన్న లెక్క నేను చదివిన కథల్లో చాలా అరుదు. బాధ ఉంది, పద్దు లేదు.

ఆ పద్దు అర్థశాస్త్రం రాసింది. సంపన్న దేశాల్లో ఒకే వృత్తిలో ఉన్న స్త్రీ పురుషుల సంపాదనల్లో ఇప్పుడు కనిపించే తేడా చాలావరకు మొదటి కాన్పుతోనే మొదలవుతుందని చూపిన క్లాడియా గోల్డిన్‌కు 2023లో నోబెల్ వచ్చింది. ఆ లెక్కను ఝరాసంగానికి తెస్తే చెయ్యి ఆగిపోతుంది. జీతమంటూ ఉంటేనే కదా పడిపోవడం! ఇక్కడ కందికీ, చెరుకుకీ, అల్లానికీ కైకిలి పోయే తల్లికి పోయిన రోజే కూలి. బాలింతగా ఉన్న రోజులకు సున్న.

1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి 12 వారాల సెలవును 26 వారాలు చేశారు. 50 మంది పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు. 'సెలవు' అనే మాటనే చూడండి. ఇచ్చే యజమాని ఒకడుండాలి, తిరిగొచ్చి కూర్చోడానికి కుర్చీ ఉండాలి. ఖర్చంతా యజమానిదే, తండ్రికి మాత్రం ఆ చట్టంలో ఒక్కరోజూ లేదు. అలాంటప్పుడు యజమాని ఎవరిని పనిలో పెట్టుకోడో ఊహించడం కష్టమా? డాక్టరేట్ వచ్చిన కొత్తలో నేనొక కాలేజీలో తాత్కాలిక అధ్యాపకురాలిని. ఏడో నెలలో నన్ను తీసెయ్యలేదు, తర్వాతి సెమిస్టరుకు పిలవలేదు, అంతే. ఆ వాక్యానికి కర్త లేడు.

రోజుకూలీ స్త్రీకి కూడా ప్రసూతి ప్రయోజనాలు వర్తిస్తాయని ఢిల్లీ నగరపాలక సంస్థ మస్టర్ రోల్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. మస్టరే లేని పొలం గట్టు దాకా ఆ తీర్పు నడిచి రాలేదు. వచ్చింది నగదు. 2017లో మొదలైన కేసీఆర్ కిట్ కింద సర్కారు దవాఖానాలో కాన్పయితే 12,000, ఆడపిల్లయితే 13,000 రూపాయలు ఇస్తామన్నారు. విడతలు అయిపోయినా పిల్ల పెరుగుతూనే ఉంటుంది.

ఈ చట్టాలన్నిటిలో నన్ను ఆపి చదివించిన వాక్యం 2005 ఉపాధి హామీ చట్టపు రెండో షెడ్యూలులో కనిపించింది. పనిచోటికి తల్లులతో ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు, అంతకు మించి వస్తే, ఆ స్త్రీలలోనే ఒకరిని వాళ్ళను చూసుకోవడానికి పెట్టాలి, ఆమెకూ కూలి కట్టాలి అన్నారు. చెరువులో మట్టి తవ్వినామె, చెట్టు కింద ఊయల ఊపినామె ఒకే మస్టరులో! పిల్లల్ని చూడటం ప్రేమ మాత్రమే కాదు, పని కూడా అని మనం ఎన్ని వ్యాసాలు రాశాం? ఒక షెడ్యూలు దాన్ని గుట్టుచప్పుడు కాకుండా రోజుకూలిగా రాసేసింది. చాలాచోట్ల అది కాగితం దాటలేదన్నది వేరే సంగతి. దాని గురించి ఒక్క కథయినా నా కంటపడలేదు.

నిజానికి ఈ ప్రాంతపు స్త్రీలకు ఆ ఆలోచన అంతకు ముందే తెలుసు. 1983లో జహీరాబాద్ ప్రాంతంలో పని మొదలుపెట్టిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు. వాళ్ళు చిరుధాన్యాలు పండించారు, విత్తనాలు దాచారు, బాల్వాడీలూ నడిపారు. ఈ మండలంలోని మాచ్‌నూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలయ్యాక పరిశోధకులం బారులు తీరాం. విత్తనం మీద, రేడియో మీద బోలెడంత రాశాం. బాల్వాడీ ఒక పేరాలో సర్దుకుంది. విత్తనాలు ఏరడానికి ఆ చేతులు ఆ పూట ఎలా ఖాళీ అయ్యాయని అడిగినవాళ్ళు తక్కువ.

ఇక నిమ్జ్. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో సుమారు 12,600 ఎకరాల్లో తలపెట్టిన ఈ పారిశ్రామిక మండలికి 2016లో ఆమోదం దొరికింది. కొలువులొస్తాయన్నారు. పొలానికి తల్లి వెంట పిల్ల వెళ్తుంది, ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోతుంది. లోపల పనిచేసేవాళ్ళు 50 మంది దాటినా, కాంట్రాక్టర్ల పేర్ల మీద వాళ్ళను ముప్పయిలుగా, నలభైలుగా విడగొట్టి చూపించడం పెద్ద కష్టమేమీ కాదు.