బెటర్ హాఫ్: ఏ సగం?

మా నర్సీపట్నంలో పదవీ విరమణ సభలకి వెళితే ఒక మాట తరచూ వినిపిస్తుంది. ఉద్యోగం చేసినాయనకి దండలూ పొగడ్తలూ అయ్యాక "సార్ గారి బెటర్ హాఫ్ కూడా వేదిక మీదికి రావాలి" అంటారు. ఆవిడ వస్తుంది, శాలువా కప్పించుకుంటుంది, దిగిపోతుంది. మైకు ఆవిడ చేతికి రాదు. ఒక్కోసారి పేరు కూడా చెప్పరు. మెరుగైన సగానికి పేరెందుకనేమో!

సగం అన్న ఊహ భార్యల కోసమే పుట్టింది కాదు. లాటిన్ కవి హొరేస్ తన ఆత్మలో సగమన్నది స్నేహితుడు వర్జిల్‌ని. 1590లో అచ్చయిన సిడ్నీ 'ఆర్కేడియా'లో, ద్వంద్వయుద్ధంలో గాయపడి ప్రాణం పోతున్న ఆర్గలస్ తన భార్య పార్థీనియాని 'బెటర్ హాఫ్' అని పిలుస్తాడు. అక్కడ వేళాకోళం లేదు. వాడగా వాడగా నవ్వులాట మాటయింది. ఇంగ్లీషులో భార్య కూడా భర్తని అలా అనొచ్చు. మన దగ్గర ఒక టీచరమ్మ రిటైరైతే ఆవిడ భర్తని బెటర్ హాఫ్ అని పిలవగా నేను వినలేదు. ఆయన ఫలానా గారే.

తెలుగులో దీన్ని 'అర్ధాంగి' అని సరిపెట్టేస్తాం. అర్ధనారీశ్వరుడి బొమ్మలో రెండు సగాలూ కనిపిస్తాయి. ఈ మాటలో మాత్రం ఆవిడ ఒక్కతే సగం, ఆయన నిండు మనిషి. దీనికి పుంలింగం వాడుకలో లేదు.

1955లో పి. పుల్లయ్య తీసిన 'అర్ధాంగి' సినిమాకి మూలం మణిలాల్ బెనర్జీ బెంగాలీ నవల 'స్వయంసిద్ధ'. లోకం తెలియని మొగుణ్ణి మనిషిగా నిలబెట్టేది సావిత్రి పాత్ర. నవల పేరులో తనంతట తాను సిద్ధించిన స్త్రీ ఉంది. సినిమా పేరుకొచ్చేసరికి ఆమె సగమైంది, చాకిరీ మాత్రం సగం కాలేదు. ఈ పేరు మార్పు మీద మన విమర్శకులు ఇంకా చాలా రాయాల్సింది.

సరే, ఆ సగం కాగితాల మీద ఎంత? భర్త బతికుండగా అతని స్వార్జితంలో హిందూ భార్యకి యాజమాన్యపు వాటా లేదు. వీలునామా రాయకుండా పోతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం పిల్లలతో, అత్తగారితో సమానంగా ఒక వాటా వస్తుంది. ఇద్దరు పిల్లలూ అత్తగారూ ఉంటే నాలుగో వంతన్నమాట. పెళ్ళితోనే మామూలుగా సగం హక్కు వచ్చేది గోవాలో, అదీ పోర్చుగీసు కాలపు సివిల్ కోడ్ పుణ్యాన.

అనువాదంలో ఈ మాట తగిలితే నేను 'అర్ధాంగి' అని రాయను. వెక్కిరింతగా అన్నచోట 'మా ఇంటి మహరాణి' లాంటిదేదో రాస్తాను. ప్రేమగా అన్నచోట ఆ మనిషి పేరే రాస్తాను.