ముగింపు వేళ లేని ఆహ్వానపత్రికలు

పుష్యమాసం దగ్గరపడుతోందంటే మా ఇంటికి ఆహ్వానపత్రికలు రావడం మొదలవుతుంది. త్యాగరాజ ఆరాధనలు, వాటి వెనకే సంక్రాంతి సెలవుల్లో నాటకాలు. రవీంద్రభారతిలో ఒకటి, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఇంకొకటి. ఈసారి వాటన్నిటినీ మంచం మీద పరిచి, కథనో కవితనో చదివినట్టు చదివాను. దాదాపు అన్నిట్లో "సాయంత్రం 6 గంటలకు" అని ఉంది. ఎప్పుడు ముగుస్తుందో ఒక్కదాంట్లోనూ లేదు.

ఇదొక విషయమా అనిపించొచ్చు. కానీ సాయంత్రం ఇల్లు కదలాలంటే మనం మొదట వేసుకునే లెక్క తిరిగొచ్చే లెక్కే కదా! జ్యోతి ప్రజ్వలన, అతిథుల ప్రసంగాలు, శాలువాలు అయ్యేసరికి ఏడున్నర. గాయని శ్రుతి చూసుకుంటూ ఉండగానే ఆడవాళ్లు గడియారం చూసుకోవడం మొదలుపెడతారు. తని ఆవర్తనానికల్లా సగం వరసలు ఖాళీ. మృదంగం మొదలవగానే లేచిపోతారు, వీళ్లకి సంగీతం ఏం తెలుసని విసుక్కునే రసికుల్ని చూశాను.

అలా లేచినవాళ్లలో చాలా ఏళ్లు నేనూ ఉన్నాను. ఇంటికెళ్లి అన్నం పెట్టి, పిల్లని పడుకోబెట్టి, ఆ కచేరీ మీదే సమీక్ష రాయడానికి కూర్చునేదాన్ని. చివర్లో ఏం పాడారో మర్నాడు ఎవరికో ఫోన్ చేసి కనుక్కుని, "పదం, జావళితో కచేరీ ముగిసింది" అని ఒక్క వాక్యం చేర్చేదాన్ని. వినని పాట గురించి రాశానని ఒప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది.

నేను పోగొట్టుకున్నదేమిటో తర్వాత అర్థమైంది. వర్ణంతో మొదలుపెట్టి, కీర్తనలు, రాగం తానం పల్లవి నడిపి, పదాలూ జావళీలూ చివరికి ఉంచే ఇప్పటి కచేరీ పద్ధతి గత శతాబ్దపు తొలి దశాబ్దాల్లో స్థిరపడింది. అరియకూడి రామానుజ అయ్యంగార్ పేరు దానితో ముడిపడి ఉంది. ఆ చివరి అంశాలకు "తుకడాలు" అని పేరు. అంటే ముక్కలు! ఈ ముక్కల్ని మనదాకా తెచ్చిందెవరు? మువ్వ క్షేత్రయ్య పదాలను కోస్తాలో కళావంతుల స్త్రీలు, మద్రాసులో వీణ ధనమ్మాళ్ (1867–1938), ఆమె మనవరాళ్లు బృంద, ముక్త గొంతుల్లో దాచారు. రాసింది మగవాళ్లే కావచ్చు. ఆ నాయిక కోపాన్నీ కోరికనీ ఏ స్వరం మీద ఎంతసేపు నిలపాలో తేల్చింది మాత్రం ఈ స్త్రీలే. 1947 మద్రాసు దేవదాసీ చట్టం తర్వాత కళావంతుల మేజువాణీకి చోటు లేకుండా పోయింది. పాట కచేరీ చివరికి చేరింది. స్త్రీలు నిలబెట్టిన పాట మొదలయ్యే వేళకి వినాల్సిన స్త్రీలు బస్టాపులో ఉంటున్నారు.

ఇక త్యాగరాజ ఆరాధన సంగతి. తిరువయ్యారులో ఆయన సమాధి మీద 1925లో గుడి కట్టించింది బెంగళూరు నాగరత్నమ్మ. ముద్దుపళని "రాధికా సాంత్వనము"ను 1910లో అచ్చు వేయించిన నాగరత్నమ్మే. తన డబ్బుతో కట్టిన ఆ గుడి దగ్గర పాడటానికి ఆడవాళ్లకు అనుమతి లేకపోతే, 1927 నుంచి స్త్రీలను కూడగట్టి విడిగా ఆరాధన జరిపింది. 1940 దశకం మొదట్లో వర్గాలన్నీ ఏకమయ్యాకే స్త్రీలకు అక్కడ చోటు దక్కింది. ఇప్పుడు నా మంచం మీదున్న ఆరాధన పత్రికల్లో ముఖ్య అతిథుల పదవులు రెండేసి వరుసల్లో ఉన్నాయి. నాగరత్నమ్మ పేరు ఎక్కడా లేదు.

నాటకాల పత్రికలదీ ఇదే తీరు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో "కీచకవధ"తో మొదలైన సురభి సమాజంలో, మిగతా రంగస్థలం మీద మగవాళ్లే ఆడవేషాలు కడుతున్న కాలంలోనే, స్త్రీలు నటించారు. స్థానం నరసింహారావు సత్యభామను తలుచుకున్నంతగా ఈ నటీమణులను తలుచుకోం. తొలి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద"లో లీలావతి వేసిన సురభి కమలాబాయి, తల్లి నాటకం ఆడుతుండగా రంగస్థలం మీదే పుట్టిందని చెబుతారు. అందరం ముచ్చటగా చెప్పుకుంటాం. నెలలు నిండిన స్త్రీ ఆ రాత్రి ముఖానికి రంగు వేసుకోవాల్సి రావడం గురించి మాత్రం అడగం. ఇప్పటికీ సురభి అనగానే తీగల మీద తిరిగే రథాలూ మాయలూ గుర్తొస్తాయి. తెర వెనక పిల్లను జోకొట్టి, ఆ చేత్తోనే కిరీటం సర్దుకుని వచ్చే నటి గుర్తుకు రాదు.

2020 నుంచి చిక్కడపల్లిలో మెట్రో స్టేషనుంది. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టిక్కెట్టు లేదు. రెండూ మంచి మార్పులే. కానీ ఎన్నింటికి వదులుతారో తెలియకపోతే ఏ బస్సు దొరుకుతుందో లెక్క వేసుకోలేం. ఇంట్లో వంట ఎవరు చేస్తారన్న ప్రశ్నకు ఏ ప్రభుత్వ పథకమూ జవాబు చెప్పదు. అది మన ఇళ్లలో మనం తేల్చుకోవాల్సిందే.

నాకు పత్రిక పంపిన సభల వాళ్లకు ఉత్తరాలు రాస్తున్నాను. మొదలయ్యే వేళ పక్కన ముగిసే వేళ కూడా వేయండి. సన్మానాలు చివర్లో పెట్టుకోండి. ఆరాధన పత్రికలో నాగరత్నమ్మ పేరు ఒక్క వరుసైనా ఉండనివ్వండి. అప్పుడప్పుడైనా పదాలనూ జావళీలనూ కచేరీ మధ్యలోకి తీసుకురమ్మని గాయనులకూ రాస్తున్నాను.

ఈసారి నేను మంగళం దాకా కూర్చుంటాను. మా వీధిలో ఇద్దరు స్నేహితురాళ్లు కూడా వస్తామన్నారు. తిరుగు ఆటో ముగ్గురం పంచుకుంటాం. ఆ మర్నాడు రాసే సమీక్షను చివరి పాటతో మొదలుపెడతాను.